బండి చప్పుడు

చప్పుడు చేయని వస్తువును మనము సాధారణంగా గుర్తించము. తలుపుకు బందు ఉన్నదన్న సంగతి అది కిర్రుమన్ననాడు గాని జ్ఞాపకం రాదు. మోకాలిలో కీలు ఉన్నదని యౌవనంలో ఎవరికి తెలుసును? వెనుకటి పల్లెజీవితమంతా ఇటువంటి చప్పుళ్లతోనే నడిచేది. తెల్లవారుజామున ఏతం కిర్రు, మధ్యాహ్నం గానుగ రొద, సందెవేళ బండి ఇరుసు మూలుగు. అరుగుమీద పడుకొన్న ముసలివాడు కన్ను తెరవకుండానే, వస్తున్న బండి ఎవరిదో చెప్పగలిగేవాడు. ఇక కిర్రుచెప్పుల మాట చెప్పనే అక్కరలేదు. వాటి చప్పుడు లోపం కాదు, హోదా. కావాలని అడిగి కుట్టించుకొన్న చప్పుడు అది. కాబట్టి ప్రతి చప్పుడూ రోగలక్షణమే అనుకోరాదు. కొన్ని చప్పుళ్లు గుర్తులు, కొన్ని గొప్పలు, కొన్ని మాత్రమే బాధలు. ఏది ఏదో తేల్చి చెప్పడం ఒక విద్య.

ముప్పై ఏళ్లుగా హిందీనుంచి తెలుగులోకి పుస్తకాలు తెస్తూ ఉన్నవాణ్ని కనుక, ఒకరి మాట విని దానికి అర్థం చెప్పడం నాకు కొత్త పని కాదు. అయినా ఆ పనిని గురించి నేను విన్న మంచి పాఠాలలో ఒకటి ఒక మోటారు మెకానిక్కు చెప్పినది. అతడు చెప్పినది రబ్బరు బుష్షులను గురించి మాత్రమే. తక్కినది నేను కలుపుకొన్నాను.

హైదరాబాదులో మా ఇంట 1985 నాటి ప్రీమియర్ పద్మిని కారు ఒకటి ఉన్నది. మా నాన్నగారు హిందీ పండితులు. 1991లో ఉద్యోగవిరమణ చేసినప్పుడు చేతికి వచ్చిన సొమ్ములో కొంత పెట్టి, ఒకరు వాడిన ఆ బండిని కొన్నారు. వారు పోయిన తరువాత అది నా పాలికి వచ్చినది. ఈ బండి పుట్టిల్లు ఇటలీ. ఫియట్ వారి 1100 అనే నమూనాను బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ 1950ల నుంచి తయారుచేస్తూ వచ్చినది. దాని చివరి రూపానికి 1974లో పద్మిని అన్న పేరు పెట్టారు. 1089 ఘనసెంటీమీటర్ల ఇంజను, స్టీరింగు పక్కనే గేరుకర్ర, నిటారుగా కూర్చోబెట్టే సీట్లు దాని లక్షణాలు. బొంబాయి టాక్సీ అనగానే దేశంలో అందరి మనస్సులోనూ మెదిలే బొమ్మ ఇదే. 2003లో నమోదైన ఆఖరు పద్మిని టాక్సీకి ఇరవై ఏళ్ల గడువు తీరగా, 2023 అక్టోబరుతో ఆ నగర వీథులలో దాని టాక్సీ జీవితం ముగిసినది.

పద్మిని అన్న పేరు వినగానే నాన్నగారికి మలిక్ ముహమ్మద్ జాయసీ జ్ఞాపకం వచ్చేవాడు. 1540లో ఆయన అవధీ భాషలో ఆరంభించిన పద్మావత్ కావ్యంలో, చిత్తోడు రాజైన రత్నసేనుడికి సింహళద్వీపపు రాకుమారిని గురించి చెప్పేది హీరామన్ అనే చిలుక. మన శ్రీనాథుని శృంగారనైషధంలో నలదమయంతుల నడుమ హంస చేసిన పని అక్కడ ఆ చిలుక చేస్తుంది. “ఆ చిలుకను తీసివేస్తే రాజు రాజే, రాణి రాణే, కావ్యం మాత్రం లేదురా” అని నాన్నగారు అంటూ ఉండేవారు. బుష్షు సంగతి తెలిసిననాడు ఆ మాట నాకు మళ్లీ తట్టినది.

2025 వేసవిలో మా బండి చప్పుడు మొదలుపెట్టినది. గతుకులో పడినప్పుడు, స్పీడుబ్రేకరు ఎక్కి దిగినప్పుడు, ఎడమవైపునుంచి కీచుమని ఒక సన్నని ధ్వని. మొదట మొదట పొద్దుటిపూట మాత్రమే వినిపించేది. నెల తిరిగేసరికి అది ప్రతి మలుపులోనూ తయారు. అమ్మకు ఎనభై అయిదేళ్లు. నెలకొకసారి వైద్యుని దగ్గరకు తీసుకొని పోవాలి. వెనుకసీటు బల్లలాగా ఉంటుంది గనుక ఆమెకు ఈ బండి ఎక్కడమే సుఖం. ఒకనాడు దారిలో ఆమె, “ఏమిరా, బండిలో ఎవరో ఏడుస్తున్నట్లున్నదే” అన్నది. ఆ సంవత్సరమే బండి రిజిస్ట్రేషను గడువు కూడ తీరనున్నది. పదిహేనేళ్లు దాటిన సొంత కారును అయిదేళ్లకొకసారి పరీక్షకు నిలిపి, యోగ్యమేనని అనిపించుకొంటేనే రోడ్డుమీద తిరగనిస్తారు. పరీక్షలో నెగ్గని పాతబండి తుక్కుతో సమానం. కాబట్టి ఈ చప్పుడు మా ఇంట్లో వట్టి చప్పుడుగా మిగలలేదు. బండిని ఉంచుకోవడమా, వదులుకోవడమా అన్న చర్చగా మారినది.

సలహాలకు లోటు లేదు గదా! ఒక పెద్ద వర్కుషాపులో బండిని చూచి, కింది భాగమంతా అరిగిపోయినదనీ, సామాన్లు దొరకవనీ, తుక్కుకు ఇచ్చివేయడమే లాభమనీ తేల్చారు. చూచినవారు పది నిమిషాలు కూడ చూడలేదు. వినడమైతే అసలే లేదు. మా వీథిలోని ఒక డ్రైవరు సలహా ఇంకొక విధం. “ఇంజనాయిలు నాలుగు చుక్కలు వేయండి సార్, నోరు మూసుకొంటుంది” అన్నాడు. ఈ రెండవ సలహా మన రక్తంలో ఉన్నదే. ఇరుసుకు కందెన పెట్టిన జాతి మనది. ఎక్కడ కిర్రుమన్నా చేయి ముందు నూనెబుడ్డి కోసమే పోతుంది.

పాతబస్తీలో ఒక ఉస్తాద్ ఉన్నాడని, ఫియట్ బండ్లంటే అతనికి ప్రాణమని ఒక మిత్రుడు చెప్పగా అక్కడికి వెళ్లాను. డెబ్బై ఏళ్ల మనిషి. రేకులషెడ్డు, ఒక బెంచి, గోడకు వరుసగా తగిలించిన పానాలు. బండిని చూడకుండానే అతడు దక్కనీ ఉర్దూలో నన్ను ఒక ప్రశ్న అడిగాడు: “చూఁ కర్‌రై, క్యా ఖట్ కర్‌రై, సాబ్?” చూఁ మంటున్నదా, ఖట్ మంటున్నదా అని.

అనువాదకుడికి ఇంతకంటె ఇష్టమైన ప్రశ్న ఉండదు. చప్పుళ్లకు హిందీలో ఉన్న మాటల సంపద గొప్పది. చర్‌మరాహట్ వేరు, ఖడ్‌ఖడాహట్ వేరు, ఖట్‌ఖట్ వేరు. మొదటిది ఎండిన తోలూ, బిగువైన కొయ్యా చేసే చప్పుడు, తెలుగులో కిర్రు. రెండవది వదులైన రేకు చప్పుడు; మనకు గడగడ. మూడవది రెండు గట్టివస్తువులు తాకినప్పటిది, మనకు టకటక. ఒక నవలలో పాత మంచం చర్‌మరాయించినదని ఉంటే దానిని టకటక అని తెనిగించడానికి వీలులేదు, మంచమే మారిపోతుంది. ఉస్తాద్ ప్రశ్న కూడ అచ్చంగా అదే. చూఁ మంటే రబ్బరు ఎండినదని అర్థం. ఖట్ మంటే రబ్బరు పోయి ఉక్కు ఉక్కును కొడుతున్నదని. మొదటిది హెచ్చరిక, రెండవది ప్రమాదం. చూఁ అని చెప్పాను. “అయితే ఇంకా సమయం ఉన్నది” అన్నాడు.

ఇక్కడ బుష్షు అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. పద్మిని వెనుక చక్రాల ఇరుసును మోసేవి రెండు కమాను కట్టలు. పొడుగైన ఉక్కుపట్టీలను ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన వంపు అది. పై పట్టీకి రెండు చివరలా గుండ్రని చుట్ట ఉంటుంది. ఆ చుట్టలో మేకు దూర్చి బండి చట్రానికి తగిలిస్తారు. ముందు చివర కదలకుండా ఉంటుంది. వెనుక చివర మాత్రం షాకిల్ అనే ఊగే తునకకు వేలాడుతుంది. బరువు పడినప్పుడు కమాను చదునై పొడుగు సాగుతుంది గదా, ఆ సాగుకు చోటు ఇవ్వడానికి ఈ ఊగుడు. ఉక్కు చుట్టలో ఉక్కు మేకును నేరుగా దూర్చితే నాలుగు నాళ్లలో రెండూ అరిగిపోతాయి. రోడ్డు గతుకు ప్రతిదీ ఎముకలకు అందుతుంది. అందుచేత రెండింటి నడుమ రబ్బరు బుష్షు పెట్టారు. ముందు చక్రాలను పట్టి ఉంచే చేతుల మొదళ్లలో కూడ ఇటువంటివే ఉంటాయి. వీటిలో ఒక రకాన్ని మన మెకానిక్కులందరూ సైలెంట్ బ్లాక్ అంటారు: బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఇంకొకటి, నడుమ వాటిని గట్టిగా పట్టుకొన్న రబ్బరు.

ఆ రబ్బరు పనితనం చూడదగినది. అది ఇరుసులాగా జారి తిరగదు. చక్రం పైకి లేచినప్పుడు ఒకవైపుకు మెలిపడుతుంది, దిగినప్పుడు తిరిగి వస్తుంది. తాను ఏ గొట్టాన్నీ వదలదు, ఒక గొట్టాన్ని మరొకదానిని తాకనివ్వదు. ఇటు చట్రానికీ అటు చక్రానికీ నమ్మకంగా ఉంటూ, ఇద్దరి దెబ్బలూ తానే తింటుంది. ఎండకూ వేడికీ గాలికీ ఏళ్లు గడిచేకొద్దీ దాని మెత్తదనం పోతుంది, బీటలు పడుతుంది, ఉక్కుమీద పట్టు సడలుతుంది. అప్పుడు మెలిపడవలసినది జారడం మొదలుపెడుతుంది. జారేది కూడ సాఫీగా జారదు. కొంచెం పట్టుకొంటుంది, తటాలున వదులుతుంది, మళ్లీ పట్టుకొంటుంది. క్షణంలో అనేకసార్లు జరిగే ఆ పట్టు విడుపులే కీచుమనే ధ్వని. పేరులోనే మౌనం ఉన్న వస్తువు తన పని చేయలేని స్థితికి వచ్చిననాడు గాని నోరు విప్పదన్నమాట.

కమాను అన్న మాట దగ్గర నేను కొంతసేపు ఆగిపోయాను. పారశీకంలో కమాన్ అంటే విల్లు. అది హిందీలో కమానీ అయి గడియారంలోనూ బండిలోనూ స్ప్రింగు అయినది. తెలుగులో ద్వారంమీది వంపు కమాను. బండి కింది కట్ట కమాను. ఫిడేలు వాయించే కర్ర కూడ కమానే. ఫిడేలు తంతి పలకడానికి కారణమూ, బుష్షు కీచుమనడానికి కారణమూ శాస్త్రరీత్యా ఒక్కటే. రోజిన్ పూసిన కమాను తంతిని పట్టి లాగుతుంది, తంతి జారిపోతుంది, మళ్లీ పట్టుపడుతుంది. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో నాదమైనది మా బండి కింద ఏడుపు అయినది. తేడా కమానులో లేదు. పట్టు, విడుపు ఎవరి అదుపులో ఉన్నవన్నదే తేడా.

ఇంజనాయిలు మాట చెప్పగానే ఉస్తాద్ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. “ఆవాజ్ కూ చుప్ నక్కో కరో సాబ్, పహలే సునో” అన్నాడు. చప్పుడును నోరు మూయించకండి, ముందు వినండి అని. తరువాత కారణం చెప్పాడు. పెట్రోలియం నూనె తగిలితే సహజమైన రబ్బరు ఉబ్బి, మెత్తబడి, జిగురై చివికిపోతుంది. నూనె వేసిన రోజున చప్పుడు నిజంగానే ఆగుతుంది. యజమాని సంతోషిస్తాడు. లోపల రబ్బరు మరింత త్వరగా చస్తుంది. కొన్నాళ్లకు వినవచ్చేది చూఁ కాదు, ఖట్. అదే కమాను కట్టలో పట్టీకీ పట్టీకీ నడుమ గ్రాఫైట్ గ్రీజు పెట్టవచ్చును. అది ఉక్కుమీద ఉక్కు రాపిడి కనుక అక్కడ కందెన ఔషధం. జానెడు దూరంలో ఉన్న బుష్షుకు అదే కందెన విషం. ఎక్కడ చప్పుడైనా ఒకటే మందు వేసేవారికి ఈ జానెడు దూరం కనిపించదు.

ఇక వెదకడం. ధ్వని ఎడమ ముందు తలుపు కిందనుంచి వస్తున్నదని నేను అనుకొన్నాను. బండిలో కూర్చొన్న ఎవరైనా అలాగే అనుకొంటారు. ఉక్కు శరీరంలో ధ్వని ఎక్కడో పుట్టి ఎక్కడో వినిపిస్తుంది. దంతంలోని నొప్పి చెవిలో పొడిచినట్లు. ఉస్తాద్ బండి నాలుగు మూలలనూ ఒక్కొక్కటిగా అదిమి వదిలించాడు. తాను కింద పడుకొని, పొడుగైన స్క్రూడ్రైవరు మొన ఒక్కొక్క కీలుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొన్నాడు. అనుమానం మూడు చోట్లకు కుదిరినది. అప్పుడు ఒక కుర్రవాణ్ని పిలిచి సీసాలో మంచినీళ్లు తెప్పించాడు. మొదటి బుష్షు తడిపాడు, నేను బండిని ఊపాను, చప్పుడు తగ్గలేదు. రెండవది తడిపాడు, తగ్గలేదు. వెనుక ఎడమ కమాను ముందు చివరనున్న బుష్షు తడపగానే చప్పుడు ఠక్కున ఆగిపోయినది. పది నిమిషాలకు నీళ్లు ఆరగానే మళ్లీ మొదలైనది. వానరోజున బండి మౌనంగా ఎందుకు పోయేదో అప్పుడు బోధపడినది. నీరు మందు కాదు; నీరు సాక్షి. రబ్బరుకు హాని చేయదు, నిజం చెప్పి ఆరిపోతుంది.

విప్పడం మాత్రం అంత సులువు కాలేదు. నలభై ఏళ్ల తుప్పు మేకును గొట్టానికి అతికించినది. కమానును దించి, బుష్షు లోపలి రబ్బరును తొలిచివేసి, చుట్టలో మిగిలిన బయటి గొట్టాన్ని రంపపు బ్లేడుతో పొడుగునా కోశాడు. చుట్టమీద గీత పడకూడదు. పడితే అక్కడే విరుగుతుంది. ఆ కోత ముగియడానికి గంట పట్టినది. అంతసేపూ అతడు మాట్లాడలేదు. బయటికి తీసిన రబ్బరు ఒకవైపు రాయిలాగా ఉన్నది, మరొకవైపు పొడిపొడిగా రాలుతున్నది. కుడివైపు బుష్షు చప్పుడు చేయకపోయినా దానిని కూడ మార్చాలన్నాడు. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది అయితే ఇరుసు సరిగా నిలువదు; బండి ఒకవైపు లాగుతుంది; టైర్లు వంకరగా అరుగుతాయి.

కొత్త బుష్షులకు సికిందరాబాదు రాణిగంజ్ వెళ్లాను. దుకాణంలో మూడు రకాలు చూపారు. చవుకైన రబ్బరుది గోటితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయినది. మంచి రబ్బరుది నొక్కిన వెంటనే పైకి వచ్చినది. మూడవది పాలీయురెథేన్‌తో చేసినది. రంగు బాగున్నది, చిరకాలం మన్నుతుంది. కాని అది రబ్బరుకంటె గట్టిది కనుక రోడ్డు గరుకును లోపలికి పంపుతుంది. అంతేకాక అది రబ్బరులాగా మెలిపడక, మేకుమీద తిరుగుతుంది. దానికి తగిన ప్రత్యేకమైన గ్రీజు లేకపోతే అదీ కీచుమంటుంది. అమ్మ వెన్నెముకను తలచుకొని నేను మంచి రబ్బరును ఎన్నుకొన్నాను.

ఎక్కించేటప్పుడు ఉస్తాద్ చేసిన ఒక పని నన్ను ఆశ్చర్యపరచినది. మేకులు దూర్చాడు, నట్లు చేతితో మాత్రమే తిప్పి వదిలేశాడు. చక్రాలు ఎక్కించి, బండిని జాకీమీదనుంచి నేలకు దించి, నన్ను లోపల కూర్చోమని, నాలుగుసార్లు ఊపి, బండి తన సహజమైన ఎత్తుకు కుదిరిన తరువాత కిందికి దూరి అప్పుడు గట్టిగా బిగించాడు. పైకి లేపి ఉన్నప్పుడే బిగిస్తే పని సులువు గదా అన్నాను. “గాలిలో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ వంకరలోనే అతుక్కొంటుంది, సాబ్. నేలమీదికి దిగగానే రోజంతా మెలిపడే ఉంటుంది. ఆరునెలలకు చిరుగుతుంది. బరువు మోస్తూ నిలుచున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంచి బిగించాలి” అన్నాడు.

అనువాదపు వాక్యం కూడ ఇంతే అని నాకు తోచినది. మూలాన్ని మాత్రమే చూస్తూ, కాళ్లు నేలకు ఆనకముందే బిగించిన వాక్యం బల్లమీద బాగానే ఉంటుంది. తెలుగు పాఠకుడు దానిమీద బరువు మోపగానే మెలి తెలుస్తుంది. చదువుతూ ఉంటే ఎక్కడో కిర్రుమంటుంది. అలాంటి చోట మనము చేసే పని సాధారణంగా ఏమిటి? ఒక అందమైన మాట చుక్క వేసి చప్పుడు ఆపుతాము. అది ఇంజనాయిలు వైద్యం. చప్పుడు ఏ కీలులో పుట్టినదో వెదికి, ఆ కీలునే విప్పాలి. అనువాదకుడు రెండు భాషల నడుమ ఉండి, రెండింటి కదలికనూ ఓర్చుకొంటూ, తాను కనబడకుండా ఉండడమే పని బాగా జరుగుతున్నదనడానికి గుర్తు. హీరామన్ చిలుకను గురించి నాన్నగారు అన్నదీ ఇదే. అయితే చిలుకకు కావ్యంలో పేరైనా ఉన్నది. బుష్షుకు అదీ లేదు.

ఉస్తాద్ కూలి, బుష్షుల ఖరీదు కలిపి చూచినా, తుక్కుకు ఇచ్చివేయండన్న వర్కుషాపువారు వట్టి పరీక్షకు పుచ్చుకొన్నదానికంటె పెద్ద ఎక్కువ కాలేదు. బండి పరీక్షలో నెగ్గినది. మరి అయిదేళ్లకు అనుమతి దొరికినది. కాని ఈ విద్య ఇంకెన్నాళ్లు ఉంటుందన్నది వేరే ప్రశ్న. ఉస్తాద్ కొడుకు ఈ పనిలోకి రాలేదు. నీళ్లసీసా తెచ్చిన కుర్రవాడు మాత్రం, మేము డబ్బు లెక్క చూచుకొంటూ ఉండగా, స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించుకొని పక్క బండి ఇంజను వింటున్నాడు. ఉస్తాద్ అది చూచి, చూడనట్లు ఊరుకొన్నాడు. కొత్త రబ్బరు కుదురుకొన్న తరువాత నట్లు ఒకసారి మళ్లీ చూడాలి గనుక నెల తిరిగి రమ్మని నాతో చెప్పాడు. ఆ రోజు పానం కుర్రవాడి చేతికే ఇస్తానన్నాడు.